లిఫ్ట్ చెడిపోతే ఎన్ని లాభాలో!

పాఠకులారా, లిఫ్ట్ బాగుచేయించండని గోలపెట్టేవాళ్లంతా చదువుకు శత్రువులు! మొన్నటిదాకా వాళ్లలో నేనూ ఒకదాన్ని. ఇప్పుడు లెంపలేసుకుంటున్నాను.

యూనివర్సిటీలో నేను వైద్య మానవశాస్త్రం చెబుతాను. జబ్బును డాక్టర్లు చూస్తారు. జబ్బు మనిషిని నలుగురూ ఎలా చూస్తారో నేను చూస్తాను. వైకల్యం, దానికి అంటగట్టే చిన్నచూపు నా సబ్జెక్టు. చక్రాల కుర్చీ నా వాహనం. డిపార్ట్‌మెంటు రెండో అంతస్తు. లిఫ్ట్ ఆరు నెలలుగా ‘సర్వీసింగులో’ ఉంది కనుక నా క్లాసు మెట్ల కింద.

ఎంత అదృష్టం! తోటి పరిశోధకులు ఫీల్డ్‌వర్క్ అంటూ కొండలూ కోనలూ పట్టుకు తిరుగుతారు. నా దగ్గరికి ఫీల్డే నడిచొస్తుంది. “పుట్టుకతోనేనా అమ్మా?” అని ఒకావిడ ఆరా. ఒకాయన నా తల నిమిరి మరీ వెళ్లాడు. నాకు యాభై రెండేళ్లు! పిల్లలు మెట్ల మీద కూర్చుని నోట్సు రాసుకున్నారు.

నాకోసం కట్టిన ప్రత్యేక టాయిలెట్‌కి తాళం. తాళంచెవి పైన సూపరింటెండెంటు దగ్గర. లోపల ఏముందయ్యా అంటే, ‘క్యాంపస్‌లో వికలాంగుల సౌకర్యాలు’ అని నేను రాసిన రిపోర్టు, మూడొందల కాపీలు! నా రచనను ఇంత భద్రంగా ఇంకెవరు దాస్తారు?

నిన్న పైన కౌన్సిల్ మీటింగు. నా కోర్సు ఉంచాలా, తీసేయాలా? దాని తరఫున మాట్లాడ్డానికి నేను తప్ప దిక్కులేదు. కుర్చీతో సహా మోసుకెళ్తామని నలుగురు వచ్చారు. నలుగురు మోసే రోజు ఎలాగూ వస్తుంది, తొందరేముంది నాయనా అన్నాను.

డీన్‌గారు ఫోన్ చేశారు. “మీరు శ్రమపడకండి మేడం, మీ తరఫున మేమే మాట్లాడేస్తాం.”

మాట్లాడేశారు. మన క్యాంపస్‌లో వికలాంగులను ఎవరూ చిన్నచూపు చూడరు కనుక ఈ కోర్సు అనవసరమట! పైగా సంబంధిత అధ్యాపకురాలు మీటింగుకు రావడానికి ఆసక్తి చూపలేదట!

అంతలో అటెండరు దిగొచ్చాడు. “మేడం, పైకొచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టాలట. మీ సంతకం లేకపోతే కోర్సు తీసేసే తీర్మానం చెల్లదట. రిజిస్టరు హాలు దాటి రాకూడదట.”

“అయ్యో, లిఫ్ట్ లేదుగా బాబూ!” అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. చెడిపోయిన లిఫ్ట్ నా కోర్సును కాపాడింది!

ఇవాళ పొద్దున వచ్చేసరికి ఇద్దరు మెకానిక్కులు చేతులు తుడుచుకుంటున్నారు. నేను పెట్టిన పందొమ్మిది అర్జీలకు కదలని లిఫ్ట్, ఆ సంతకం పెట్టించి నన్ను సాగనంపడానికి ఒక్క రాత్రిలో కదిలింది. తలుపులు బార్లా తెరుచుకుని నాకోసమే నిలబడి ఉంది.

పాఠకులారా, లిఫ్ట్ చెడగొట్టడం తెలిసినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? కాస్త త్వరగా రండి. పది గంటలకు నాకు క్లాసుంది.