అమ్మ పోస్టులో ఖాళీ

పాత సినిమాల్లో ఉన్నవాళ్ళకు కూడా బయట మనకు పెరిగినట్టే వయసు పెరగడం మొదలైన నాటికి పబ్బిశెట్టి కోటిలింగం చేతిలో ఉన్నవి ఇవి: రేపల్లెలో కమలా టాకీసు లీజు, ‘సంపెంగల రైలు’ సినిమా ప్రింటు, ఒక ఆపరేటరు, ఒక భార్య. నూనె వ్యాపారం నుంచి వచ్చినవాడు కాబట్టి సరుకు నిలవుంటే మారుతుందని అతనికి తెలుసు. నూనె నిలవుంటే మడ్డి దిగుతుంది, సినిమా నిలవుంటే లోపలివాళ్ళకు తల నెరుస్తుంది, అంతే కదా అనుకున్నాడు.

ఊళ్ళో కూడా ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆదివారం మ్యాట్నీకి వచ్చేవాళ్ళంతా ఆ సినిమాను చదువుకునే రోజుల్లో చూసినవాళ్ళే. హీరో కేదార్‌బాబు రైలు పాటలో పెట్టె పక్కనే పరుగెత్తుతూ పాడేవాడు. ఇప్పుడు మోకాళ్ళు పట్టేస్తున్నాయి కాబట్టి గార్డుకు చెప్పి బండిని నడక వేగంతో నడిపించుకుంటున్నాడు. రెండో చరణానికి ముందు ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటాడు. ఆ కాసేపూ హాల్లో ఎవరూ ఈల వెయ్యరు. చింపిన కాగితం ముక్కలు గుప్పిట్లో పట్టుకుని కూర్చుని, ఆయన లేచాక ఎగరేస్తారు.

హీరోయిన్ కనకప్రభకు పాపిట దగ్గర తెల్లబడింది. ప్రేమలేఖ సీనులో చేతిసంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంటుంది. ఉత్తరం ఇదివరకటి కంటే నిదానంగా చదివి, మధ్యలో ఒకచోట తనలో తానే నవ్వుకుంటుంది. ఆ నవ్వు సినిమా విడుదలైనప్పుడు లేదు. దానికోసమే ఆడవాళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తున్నారని కోటిలింగం భార్య భ్రమరాంబ కనిపెట్టింది. లేడీస్ కౌంటరులో టిక్కెట్లిచ్చేది ఆమే.

ఈ వయసుల సంగతి చూడ్డానికి ప్రభుత్వం పాత్రల వయోనియంత్రణ శాఖ అని ఒకటి పెట్టి గుంటూరులో ఆఫీసు తెరిచింది. అక్కడి ఇన్‌స్పెక్టరు వామనరావు ఒకనాడు వచ్చి, కాఫీ తాగి, ఉత్తర్వు చేతికిచ్చాడు. తెరమీద ముప్పైఅయిదేళ్ళు దాటిన హీరోయిన్లందరినీ అదే సినిమాలో తల్లి పాత్రకు బదిలీ చెయ్యాలి. ‘సంపెంగల రైలు’లో హీరో తల్లి మొన్నీమధ్యే వృద్ధాప్యంతో పోయింది కాబట్టి ఆ పోస్టు ఖాళీగా ఉంది. వచ్చే ఆదివారం మ్యాట్నీలో కనకప్రభ అక్కడ చార్జి తీసుకోవాలి. ఆమె స్థానంలోకి కొత్తగా విడుదలైన ఒక సినిమా నుంచి పందొమ్మిదేళ్ళ అమ్మాయిని డెప్యుటేషన్ మీద పంపిస్తారు. అమలు కాకపోతే హాలు లైసెన్సు రద్దవుతుంది.

హీరో సంగతేమిటని కోటిలింగం అడిగాడు. హీరోల విషయంలో వయసు గడి ఖాళీగా వదిలెయ్యాలని పైనుంచి సూచన ఉందని వామనరావు చెప్పాడు.

కోటిలింగం సరుకును చూసినట్టు ఉత్తర్వును అటూ ఇటూ తిప్పి చూశాడు. కొత్తమ్మాయి వస్తే కాలేజీ కుర్రాళ్ళు వస్తారు. కనకప్రభ ఎటూ సినిమాలోనే ఉంటుంది కాబట్టి పాతవాళ్ళూ పోరు. నష్టమేమీ కనబడలేదు. ఇంటికెళ్ళి భార్యతో అదే చెప్పాడు.

“ఆవిడ్నడిగారా?” అంది భ్రమరాంబ.

“బదిలీకి అడగడమేందే? చెప్పడమే.”

“అయితే మీరే రాసి చెప్పండి. ఈ స్లయిడు మాత్రం నేను రాయను.”

తెర లోపలివాళ్ళకు కబురు చెప్పాలంటే స్లయిడు ఒక్కటే దారి. పట్టుచీరల కొట్టు, పొగ తాగరాదు వంటివి రాసి ఇంటర్వెల్లో వేసే గాజుపలకలే అవి. వాటిని అటువైపు నుంచి కూడా చదువుకోవచ్చు. కమలా టాకీసులో వాటిని ఇన్నాళ్ళూ గుండ్రటి అక్షరాలతో రాసింది భ్రమరాంబ. ఈసారి కోటిలింగం తనే కూర్చుని కోడిగీతల్లో రాశాడు.

ఆదివారం ఇంటర్వెల్ కాగానే స్లయిడు పడింది. వామనరావు బాల్కనీ ముందు వరుసలో ఫైలు పట్టుకుని కూర్చున్నాడు. రైల్వే స్టేషను సీనులో ఉన్న కనకప్రభ తెర అంచుదాకా వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. ఉత్తర్వు కింద అప్పగింతల వివరం ఉంది. కుట్టుమిషను ఒకటి, దండ వేసిన భర్త ఫోటో ఒకటి, దగ్గు ఒకటి. మూడూ సరిగ్గా పనిచేస్తున్నాయని చూసుకుని ఆమె సంతకం చెయ్యాలి.

“ఈయన నాకంటే పదకొండేళ్ళు పెద్ద. నేనెప్పుడు కన్నానండీ ఈయన్ని?” అంది కేదార్‌బాబును చూపిస్తూ.

“కనక్కర్లేదమ్మా. చార్జి తీసుకుంటే చాలు,” అన్నాడు వామనరావు బాల్కనీలోంచి. “కన్నట్టు మేం రాసుకుంటాం.”

“ఈ దగ్గు నాది కాదు. నేను తీసుకోను.”

దగ్గు పోస్టుతో పాటు వచ్చేదనీ, విడదియ్యడం కుదరదనీ, ఇంతవరకూ ఏ సినిమాలోనూ ఎవరూ అభ్యంతరం చెప్పలేదనీ వామనరావు ఓపిగ్గా వివరించాడు. కనకప్రభ వెనక్కి తిరిగి, ఇన్నేళ్ళుగా తనకోసం రైలు పక్కన పరుగెత్తిన కేదార్‌బాబును ఒక్క మాట చెప్పమంది. ఆయన జేబుదువ్వెనతో మిగిలిన జుట్టును సవరించుకుంటున్నాడు.

“మన చేతుల్లో ఏముంది కనకం,” అన్నాడు. “అయినా అమ్మంటే నాకెప్పుడూ గౌరవమే.”

అంతలో డెప్యుటేషన్ అమ్మాయి పెట్టె పట్టుకుని స్టేషనులోకి వచ్చింది. నమస్తే అంకుల్ అని కేదార్‌బాబుకు దణ్ణం పెట్టింది. విధుల్లో ఉండగా ఆ పిలుపు వాడకూడదని వామనరావు పైనుంచి గుర్తుచేశాడు. అమ్మాయి సరేనంది. తర్వాత కనకప్రభ పక్కన నిలబడి స్లయిడు మొత్తం చదివింది.

“అక్కా, నాకెన్నాళ్ళుంది?”

“నీకిప్పుడెంత?”

“పందొమ్మిది.”

“పదహారేళ్ళుంది. తర్వాత ఈ మిషను నీకు అప్పజెబుతారు.”

అమ్మాయి పెట్టె కింద పెట్టలేదు. కనకప్రభ ఆమె చెయ్యి పట్టుకుని రైలెక్కించి, తనూ ఎక్కి, గార్డును పచ్చజెండా ఊపమంది. గార్డు కేదార్‌బాబు వంక ఒకసారి చూసి ఊపాడు. చాలా ఏళ్ళ తర్వాత బండి తన పాత వేగం అందుకుంది. కేదార్‌బాబు పాటకు చెయ్యెత్తి నాలుగడుగులు వేసి బెంచీ దగ్గర ఆగిపోయాడు.

వామనరావు ఆట ఆపమన్నాడు. ప్రొజెక్టరు ఆగితే రైలు ఎక్కడున్నది అక్కడే ఆగుతుంది. ఇద్దర్నీ దించి అప్పగింతలు పూర్తి చెయ్యవచ్చు. కోటిలింగం గబగబా మెట్లెక్కి ప్రొజెక్టరు గదిలోకి వెళ్ళాడు. ఆపరేటరు సిలార్ మీట మీద చెయ్యేసి నిలబడి ఉన్నాడు.

“రీలు అయిపోతాంది శెట్టిగారూ. పక్క మిషను మీద తర్వాతది ఎక్కించి పెట్టా. మార్చకపోతే బండి ఈడనే ఆగిపోద్ది. ఏం చెయ్యమంటారు?”

కోటిలింగం గోడకున్న కంతలోంచి చూశాడు. ఇన్నేళ్ళూ అతను ఆ కంతలోంచి చూసింది తలకాయలనే, ఎన్ని కుర్చీలు నిండాయో లెక్కకోసం. మొదటిసారి సినిమా చూశాడు. రైలు తలుపు దగ్గర కనకప్రభ గాలికి నెరిసిన జుట్టు చెదురుతుంటే ఆ కొత్త నవ్వు నవ్వుతోంది. లేడీస్ వైపు ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. భ్రమరాంబ కౌంటరు వదిలేసి వచ్చి వాళ్ళ మధ్య నిలబడి ఉంది. పైకి, తన వైపు చూడటం లేదు. తను ఏం చేస్తాడో ఆమె ముందే ఒక అంచనాకు వచ్చేసినట్టుంది. ఆ అంచనా అతనికి నచ్చలేదు.

ఒకవైపు హాలు, లీజు, లైసెన్సు. వాటికి వెల కట్టగలడు. ఆ నవ్వుకు గిరాకీ ఎంతో కూడా తెలుసు, కానీ వెల ఎంతో ఎంత ఆలోచించినా తేలలేదు. వెల తేలని సరుకును ఎదుటివాడి చేతిలో పెట్టే అలవాటు అతనికి లేదు.

“మార్చు,” అన్నాడు.

సిలార్ మార్చాడు. వామనరావు పైకొచ్చి తలుపు బాదాడు. కోటిలింగం తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

“శెట్టిగారూ, హాలు పోతుంది.”

“పోనియ్యండి. టిక్కెట్టు పూర్తి ఆటకు అమ్మాను.”

రీలు తర్వాత రీలు ఎక్కింది. ఫైటింగు జరగాల్సిన గోడౌను మధ్యలోంచి రైలు దూసుకుపోయింది. కోర్టు సీనులో జడ్జిగారు మేజా పక్కకు జరుపుకుని దారిచ్చారు. పెళ్ళి సీనులో పురోహితుడు అక్షింతలు రైలు మీదే వేశాడు. చివరి రీలు చివరి గజం దాటి రైలు బయటికి వెళ్ళిపోయాక తెల్లటి తెర మిగిలింది. మగవాళ్ళు సైకిళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు. ఆడవాళ్ళు ఆ తెల్లతెరను ఇంకా చాలాసేపు చూసి మరీ లేచారు.

లైసెన్సు రద్దయింది. ఇలాంటివి మళ్ళీ జరగకుండా శాఖ పాత సినిమాలన్నిటిలోనూ హీరోయిన్ పోస్టులనే ఎత్తేసింది. ఇప్పుడు హీరోలు కొండల మీద గాలిని కౌగిలించుకుని పాడుతున్నారు, గాలికి మూడు ముళ్ళూ వేస్తున్నారు. తల్లి పోస్టులోకి ఎవరూ రాకపోవడంతో దగ్గును కుట్టుమిషనుకే అప్పగించారు. అది కుడుతూ దగ్గుతోంది. కోటిలింగం ఒకసారి తెనాలి వెళ్ళి అలాంటి ఆట చూశాడు. హాలు నిండుగా ఉంది. పడాల్సిన చోటల్లా ఈలలు పడ్డాయి, కాగితాలు ఎగిరాయి. సినిమాలో ఏమైనా తగ్గినట్టుందా అని పక్క కుర్చీ ఆయన్ని అడిగాడు. సౌండు కొంచెం తగ్గిందండీ అన్నాడాయన. బయటికొస్తూ చూస్తే లేడీస్ కౌంటరు మూసి ఉంది. దాని ముందు మోటారుసైకిళ్ళు పెట్టుకున్నారు. ఎప్పుడు మూశారని అడిగితే గేటుమనిషికి గుర్తులేదు.

తర్వాత వామనరావు ఇంకో కాగితం తెచ్చాడు. ఆ రైలు అసలు బయల్దేరనే లేదని సంతకం పెడితే హాలు తిరిగి ఇస్తారట. వేరే ఊళ్ళలో హాళ్ళవాళ్ళు వాళ్ళ వాళ్ళ సినిమాలకు అలాగే పెట్టారట. కోటిలింగం ఆయనకు కాఫీ ఇప్పించి, కాగితం తిరిగి ఫైల్లో పెట్టించి పంపాడు.

పోయినవాటిలో హాలుంది, లీజుంది. రైలు వెళ్ళిపోయాక ఏ బొమ్మా లేకుండా తెల్లబడ్డ ప్రింటుంది. వచ్చింది ఒకటే: మధ్యలో ఎవర్నీ దించకుండా చివరిదాకా నడిపిన ఆట.