వ్రేనీ టీచరు ఒంటరి షికారు

ఆ రోజు పొద్దున వ్రేనీ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తెల్లవారకముందే లేవాలి, ఒక్కతే అడవిలోకి వెళ్లి కెత్సాల్ పిట్టను చూడాలి, పదకొండు గంటల బస్సు పట్టుకుని రాజధానికి చేరి విమానం ఎక్కాలి. స్విట్జర్లాండులో బడి పంతులమ్మ. ఏడాది పొడవునా అరుపుల మధ్య బతికి, ఈ నాలుగు రోజులైనా ఎవరి గొంతూ వినకూడదని ఒట్టు పెట్టుకుని కోస్టారికా వచ్చింది. అందులో మూడు రోజుల్ని మా కొండల మీది వాన మింగేసింది. మిగిలింది ఈ ఒక్క పూటే. ఏమైనా సరే, పిట్టను చూడకుండా వెళ్లేది లేదు.

ఆమె బస దోన్యా ఒతీలియా అనే పెద్దావిడ ఇంట్లో. బూట్లు చేత పట్టుకుని, మునివేళ్ల మీద వంటింట్లోకి వచ్చేసరికి, దోన్యా అప్పటికే తల దువ్వుకుని, శాలువా కప్పుకుని, గుడ్డ సంచిలో కాఫీ వడపోస్తోంది.

"అడవికి ఒక్కదానివే పోతానన్నావుగా తల్లీ, మా తమ్ముడికి కబురెట్టా. వచ్చేస్తున్నాడు."

"ఒక్కదాన్నే పోతానన్నానండీ!"

"అందుకేగా కబురెట్టింది!"

మా సాంతా ఎలీసాలో మనిషి ఒంటరిగా కనిపిస్తే, పాపం తోడు దొరకలేదనుకుంటాం. కోరి ఒంటరిగా తిరిగేవాళ్లుంటారని మాకు ఇంతవరకూ తట్టలేదు. తమ్ముడు ఎలియేసర్ వచ్చాడు. పరాయి ఆడమనిషితో అడవికి పోతే ఊరు ఏమంటుందోనని భార్య నీదియాను వెంట తెచ్చాడు. నీదియా ఖాళీ కడుపుతో కొండెక్కే మనిషి కాదు కనుక, అన్నం, నల్ల చిక్కుళ్లు కలిపి వేయించి నింపిన పెద్ద గిన్నెను మొగుడి నెత్తికెత్తింది. దోన్యా కూడా తలుపు దగ్గరేసి వాళ్ల వెంట బయల్దేరింది.

దారి ఊరి మధ్యగా పోతుంది. తెలిసిన ఇంటి గేటు దగ్గర ఆగి "ఊపే!" అని కేకేయకుండా దాటిపోతే, ఆ ఇంటితో చెడినట్టే లెక్క. ఎలియేసర్‌కు ఊళ్లో ఎవరితోనూ చెడలేదు. కనుక ప్రతి గేటు దగ్గరా కేకేశాడు. ప్రతి ఇంట్లోంచీ కాఫీ వచ్చింది, కాఫీ వెనకే మనుషులూ వచ్చారు.

"ఎక్కడికే వదినా, పొద్దున్నే?"

"ఈ పిల్లకి పిట్టను చూపిద్దామని."

"అంత దూరం నుంచి ఒక్కతే వచ్చిందా? అయ్యో రాత! ఆగండి, నేనూ వస్తా."

నాలుగో కప్పు దగ్గర వ్రేనీ ఓపిక చచ్చిపోయింది. "నాకెవరూ వద్దు! నాకు నిశ్శబ్దం కావాలి!" అని తరగతి గదిలో అరిచినట్టే అరిచింది.

అందరూ మొహమొహాలు చూసుకున్నారు. "ఎవడో మోసం చేసుంటాడు," అంది నీదియా, గుసగుస అనుకుంటూ గట్టిగానే.

దోన్యా కళ్లొత్తుకుంది. పక్కింటి దోన్ మసెదోనియో లోపలికి పరుగెత్తి గిటారు పట్టుకొచ్చాడు. దిగులుకు పాటను మించిన మందు లేదని ఆయన నమ్మకం.

తనను ఈ ఊళ్లో దింపిన బస్సు డ్రైవరు ఈయనేనని వ్రేనీ అప్పుడు గుర్తుపట్టింది. "పదకొండు గంటల బస్సు నడిపేది మీరే కదండీ?"

"నేనే తల్లీ. నువ్వెక్కకుండా కదుల్తానా?"

వాగు ఒడ్డున, అడవి అవకాడో చెట్ల కింద అందరూ దుప్పట్లు పరిచి గిన్నె దించారు. గిటారు మోగింది. ఇదే అదనని వ్రేనీ పైబాట పట్టింది. ఆ రొదకు పిట్ట ఈ చుట్టుపక్కల ఉండదని ఆమెకు తెలుసు. పైన ఓ చెట్టు మొదట్లో బురదలో కూర్చుని, చీమలు కుట్టినా కదల్లేదు, తుమ్ము వచ్చినా తుమ్మలేదు. పొద్దెక్కింది. ఒక ఉడుత మాత్రం వచ్చి, ఆమెను చూసి పోయింది. బట్టలకంటిన బురద దులుపుకుంటూ కిందికి దిగింది.

దిగి చూస్తే, సరిగ్గా గిన్నె పైన కొమ్మ మీద, ఎర్రటి రొమ్ముతో, బారెడు ఆకుపచ్చ తోకతో కెత్సాల్! కింద ఊరంతా గొంతెత్తి పాడుతోంది.

"ఎంతసేపైంది వచ్చి?" అంది వ్రేనీ నీరసంగా.

"పొద్దుట్నించీ ఇక్కడే ఉందిగా!"

"మరి నన్ను పిలవలేదేం?"

"ఎవరూ వద్దన్నది నువ్వే కదమ్మా!" దోన్యా మొహం చిన్నబుచ్చుకుంది.

వ్రేనీ పిట్టనే చూస్తూ, ఊపిరి బిగబట్టి, అడుగులో అడుగు వేస్తూ చెట్టు వైపు నడిచింది. అంత రొదకూ చలించని పిట్ట, ఆమె మూడో అడుగుకే తుర్రుమంది.

"దొంగలా వస్తే బెదరదూ?" అని కసిరింది దోన్యా. "కూర్చో. తిను. గట్టిగా మాట్లాడు, అదే వస్తుంది."

"ఏం మాట్లాడను?"

"ఆ మోసగాడి సంగతి చెప్పు," అంది నీదియా, దగ్గరికి జరుగుతూ.

"మోసగాడెవడూ లేడండీ." వ్రేనీ ముద్ద నోట పెట్టుకుంది. "మా హెడ్మాస్టరు ఉన్నాడనుకోండి..."

పిట్ట తిరిగొచ్చి, అదే కొమ్మ మీద చాలాసేపు కూర్చుని వెళ్లింది. మాటల్లో పడ్డ వ్రేనీ తల ఎత్తితేగా!