అంతయ్య పాత పెంకులు

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు నష్టం కట్టమనే యజమానిని ఆడిపోసుకోవడం అన్యాయం. కిరాయిదారుకు తన బలమెంతో తెలియజెప్పే పుణ్యాత్ముడు ఇంకెవరున్నారు?

పెద్దపల్లి బడిపంతులు లక్ష్మీరాజానికి తన బలం సంగతి నలభై ఏళ్లు వచ్చినా తెలియలేదు. జూన్‌లో లక్సెట్టిపేటకు బదిలీ అయింది. సామాను ఎడ్లబండి ఎక్కాక, ఇంటి యజమాని అంతయ్య తనిఖీకి వచ్చాడు.

"గడప అరిగింది పంతులూ."

నాలుగేళ్లలో నలుగురు మనుషులు టేకు గడపను అరగదీశారట. ఏనుగుల వల్లయినా అవుతుందా? వంటింటి గోడకు మసి పట్టింది. కట్టెల పొయ్యికి పొగ వస్తుందని పాపం అంతయ్యకు ఎవరూ చెప్పలేదు. బావిలో నీళ్లు దిగాయి. ఎండాకాలం చేసిన నేరమూ పంతులుదే!

చివరికి అంతయ్య తలెత్తి కప్పు చూశాడు.

"నా పాత పెంకులేవి?"

కిందటి వానాకాలం కప్పు కారి, జ్వరంతో ఉన్న బిడ్డ మంచం తడిసింది. అంతయ్యను మూడుసార్లు అడిగి, విసిగి, లక్ష్మీరాజమే తన జీతంతో కొత్త పెంకులు వేయించాడు.

"అవి పగిలినయ్ గద సేటూ."

"కొత్తయి ఎయ్యుమని నేను జెప్పిన్నా? నేనిచ్చిన ఇల్లు ఇచ్చినట్టే అప్పజెప్పు. లేకుంటె అడ్వాన్సు రాదు."

పంతులుకు ఆ అడ్వాన్సు చేతికొస్తేనే లక్సెట్టిపేటలో ఇల్లు దొరికేది. లేకుంటే పిల్లలతో బండి ఎక్కడ ఆపాలి?

అప్పటిదాకా బండిలో కూర్చున్న ఆయన భార్య శంకరవ్వ కిందికి దిగింది.

"సేటు అన్నది నాయమే. ఇచ్చినట్టే ఇద్దాం. నిచ్చెన తే, మన పెంకులు మనం దించుకుందాం."

"మరి కప్పు?" అన్నాడు అంతయ్య.

"నువ్వు ఇచ్చిననాడు ఇంట్ల కూసుంటె ఆకాశం కనవడ్డది. మల్ల గట్లనే కనవడుతది."

కొంగు నడుముకు చుట్టి ఆమే నిచ్చెనెక్కింది. ఒక పెంకు దించింది. రెండోది దించింది. పడమట ఉరిమింది.

"జర ఆగు బిడ్డా," అంటూ అంతయ్య తన ఇంటికి పరుగెత్తి అడ్వాన్సు తెచ్చి పంతులు చేతిలో పెట్టాడు. ఇన్నేళ్లలో ఆయన పరుగెత్తడం ఆ వాడ చూడలేదు.

లక్ష్మీరాజం మంచివాడు. దించిన రెండు పెంకులూ మళ్లీ తానే ఎక్కించి బండెక్కాడు.

వారం తిరక్కుండానే ఆ ఇంటికి హనుమండ్లు అనే గుమాస్తా వచ్చాడు. కిరాయి రెండు రూపాయలు పెరిగిందేమని అడిగాడు.

అంతయ్య గర్వంగా పైకి చూపించాడు. "చూడు, కొత్త పెంకులు. నిరుడే ఏయించిన."