సముద్రమట్టానికి ఇరవై మీటర్ల ఎత్తున పర్వతారోహణ

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలు ఊరికే అనేసి ఊరుకున్నారు. మా కంపెనీ ఊరుకోలేదు. దానికో సర్క్యులర్ నంబరు వేసి, స్టాంపు కొట్టి, మణికట్టుకు తగిలించుకోమని ప్రతి ఉద్యోగికీ ఒక నల్ల రబ్బరు పట్టీ ఇచ్చింది! అడుగు తీసి అడుగు వేస్తే పట్టీకి తెలుస్తుంది. పట్టీకి తెలిసిందల్లా మేనేజరు కంప్యూటరుకు తెలుస్తుంది. మన తప్పటడుగులు లెక్కపెట్టేవాళ్లు ఇంటా బయటా బోలెడుమంది. ఒప్పటడుగులు లెక్కపెట్టే నాథుడు దొరకడం ఇదే మొదలు!

ఆ సర్క్యులర్ టైపు చేసిన చేతులు నావే. పేరు ఫారూఖ్, ఊరు ప్రొద్దుటూరు, కొలువు సౌదీలోని ధహ్రాన్‌లో. అందులోని ముఖ్యాంశం ఇది: నెలంతా అందరికన్నా ఎక్కువ నడిచినవాడు ఆఖరి మూడు రోజులూ దక్షిణాన అబహా కొండల్లో నడిచి చూపించాలి. సాక్షిగా నేను వెంట వెళ్లి అక్కడి తిండి, సంస్కృతి, పర్వతారోహణ గురించి నివేదిక రాయాలి. అన్నీ సవ్యంగా ఉంటే బహుమతిగా అదే అబహాలో ఇద్దరికి ఐదు రోజుల విడిది, విమానం టికెట్లతో సహా.

మొదటి వారానికే అందరినీ వెనక్కి నెట్టి ముందుకొచ్చినవాడు రత్నరాజు! భీమవరం మనిషి. ఆఫీసులో కాగితాలు దాచే పని. ఆయనకూ ఆయన కుర్చీకీ పన్నెండేళ్ల అన్యోన్య దాంపత్యం. టీ కావాలన్నా కుర్చీతో సహా దొర్లుకుంటూ వస్తాడు గానీ విడిచి రాడు. అలాంటివాడు రోజుకు పద్ధెనిమిది వేల అడుగులు! మేనేజరు అబూ ఫహద్ “మాషా అల్లా” అన్నాడు. మేమూ అన్నాం. అనకపోతే దిష్టి!

రహస్యం దమ్మాం విమానాశ్రయంలో బయటపడింది. రాజు చెయ్యి బోడిగా ఉంది.

“రాజూ, పట్టీ యాడబ్బా?”

“కెజియా చేతికుందండి.”

కెజియా ఆయన భార్య, మా పక్క ఊరు ఖోబర్‌లో ఆసుపత్రి నర్సు. పొద్దున ఏడుకు వార్డులో అడుగుపెడితే సాయంత్రం ఏడుదాకా ఆ అడుగు ఆగదు.

“నెలంతానా?”

“ఆయ్! ఆవిడ ఎలాగూ నడుస్తాది కదండి. ఊరికే పోయే అడుగులు!”

“మనం ఇప్పుడు పోయేది కొండెక్కేదానికి కదప్పా! ఇప్పుడన్నా పెట్టుకోవాల్సింది.”

“అదేంటండి బాబూ! కొండెక్కితే నేను పోతాను. వార్డులో తిరగడం ఆవిడకి అలవాటే. పైగా గెలిస్తే నిన్నే అబహా తీసుకెళ్తానని మాటిచ్చాను. తొమ్మిదేళ్ల నుంచీ అడుగుతుంది పాపం, ఒక్కసారి మబ్బులు దగ్గర్నుంచి చూడాలని. ఇదిపోతే మళ్లీ ఆవిడకి మొహం చూపించలేనండి.”

నేను నిలదీయాల్సింది. కానీ నా సంచీలో నివేదిక అప్పటికే సిద్ధంగా ఉంది. ముందురోజే ఏసీ కింద కూర్చుని రాసేశాను. “కాళ్లు బొబ్బలెక్కినా కళ్లు చల్లబడ్డాయి” అనే వాక్యం మీద నాకు మమకారం పుట్టేసింది కూడా. ఒక దొంగ ఇంకో దొంగకు విమానంలో కిటికీ సీటు ఇచ్చాడు. అంతే జరిగింది.

అబహా! పేరులోనే “అబ్బా” ఉంది. ఎండకు మాడిన మా కళ్లకు ఆ ఊరు ఒక తడిగుడ్డ. ఎటు చూసినా విశ్వవిద్యాలయం పిల్లలు, తలెత్తి చూస్తే మబ్బులు. మబ్బుల్లో కూర్చుని మబ్బు వదిలించుకునే చదువుల ఊరు! యూనివర్సిటీ గేటు ముందు రాజు ఒక ఫొటో దిగాడు. సంస్కృతి అయిపోయింది.

బండి నడిపే ఖలందర్‌ది రాయచోటి. దేవదారుల్లాంటి చెట్ల మధ్య కాలిబాట మొదలయ్యే చోట బండి ఆపాడు.

“దిగండి సార్. ఈన్నుంచి రెండు గంటలు ఎక్కితే పైకి పోతారు.”

“రెండు గంటలు ఎక్కితే నిజంగానే పైకి పోతాం గానీ, బండి ఎందాకా పోతుందయ్యా?” అన్నాడు రాజు.

“బండి శిఖరం పక్కదాకా పోతాది. కాకపోతే, కొండ ఆడుండాది, మీ కాళ్లు ఈడుండాయి, మధ్యలో నా బండి యాల సార్?”

“ఫొటోకి!”

శిఖరం పక్కన రాజు దిగాడు. కొత్త బూట్లు, అడుగున ధర చీటీ ఇంకా ఊడలేదు. చేతిలో కర్ర. నుదుటి మీద సీసాలో నీళ్లతో చెమట! “కాస్త వొణికిస్తూ తియ్యండి భాయ్, ఎగశ్వాసలో ఉన్నట్టుండాలి” అన్నాడు. నేను వొణికించాను. ఆ చలికి నేను వొణికించాల్సిన పని కూడా లేకపోయింది.

అంతలో ఒక పెద్ద కొండముచ్చు వచ్చింది. అబహాలో అవి దర్జాగా తిరుగుతాయి. నేరుగా బండి వెనక తలుపు దగ్గరికి నడిచి (దానికి నడక అలవాటే) మా సంచీలోంచి రొయ్యల పచ్చడి సీసా తీసుకుని, పైకెక్కి కూర్చుంది. ఆ రోజు మా బృందంలో కొండెక్కింది అదొక్కటే!

పచ్చడి పోయాక వెంట తెచ్చుకున్న అన్నం కుక్కరు ఉండి ఏం లాభం? స్థానిక వంటకాలు తినక తప్పలేదు. ఖలందర్ ఒక చిన్న హోటల్లో అరీకా తెప్పించాడు: గోధుమ రొట్టె నలిపి, నెయ్యి, తేనె, ఖర్జూరం.

“తినండి సార్. మన పీర్ల పండక్కి చేసే మలీదానే ఇది. ఈళ్లు బెల్లం బదులు తేనె పోస్తారు, అంతే.”

నోట్లో పెట్టుకున్నాక నేను రెండో ముద్దకు చెయ్యి చాచాను. రాజు చెయ్యి అసలు ఆగలేదు. గిన్నె ఖాళీ చేసి, బయట పూల కిరీటాలు అమ్మే ముసలాయన దగ్గర ఒకటి కొన్నాడు. అక్కడి మగవాళ్లు బంతి, మరువం కలిపి కట్టి తలకు చుట్టుకుంటారు. “కెజియాకండి” అన్నాడు, కొంచెం సిగ్గుపడుతూ.

మిగతా రెండు రోజులూ హోటల్ గదిలో రజాయి కింద పర్వతారోహణ చేశాం.

బహుమతి సభ ధహ్రాన్‌లో, కుటుంబాలతో విందు. కెజియా డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, వాడిన ఆ పూల కిరీటం చేతిసంచీలో పెట్టుకుని. “ఇంకా వాసనొస్తంది అన్నయ్యా” అని నాకు చూపించింది.

నేను నివేదిక చదివాను. బొబ్బల దగ్గర చప్పట్లు పడ్డాయి. అబూ ఫహద్ లేచాడు. ఇంగ్లీషులో ఆయన అన్నదాని సారం ఇది:

“నేను చదువుకున్నది అబహాలోనే. ప్రతి గురువారం ఆ కొండ ఎక్కేవాణ్ణి. రాజు గారూ, చెట్లు దాటాక దారి ఎటు తిరుగుతుంది?”

రాజు వేలు పైకి చూపించాడు. “పైకి సార్!”

గోడమీద తెర వెలిగింది. నేను అడుగులు మాత్రమే లెక్కపెడుతుందనుకున్న ఆ దిక్కుమాలిన పట్టీ ఊరు కూడా చెప్తుందట, ఎత్తు కూడా చెప్తుందట! మూడు రోజులు, యాభై నాలుగు వేల అడుగులు. స్థలం: ఖోబర్. ఎత్తు: సముద్రమట్టానికి ఇరవై మీటర్లు!

హాలు నవ్వడం మొదలుపెట్టింది. అబూ ఫహద్ నవ్వలేదు. తెర మీద ఒక గీత దగ్గర వేలు పెట్టాడు.

“రెండోరోజు మధ్యాహ్నం రెండింటికి ఒక్క గంటలో నాలుగు వేల అడుగులు. పన్నెండు అంతస్తుల మెట్లు. ఇది ఏ కొండ?”

రాజు నేల చూపులు చూశాడు. వెనక వరసలోంచి కెజియా లేచింది.

“అది కొండ కాదు సార్. ఆరో నంబరు రూము. పేషెంటుకి రక్తం ఎక్కించాలి, లిఫ్టు ఆగిపోయింది. మూడుసార్లు కిందికెళ్లి తెచ్చాను. ఆవిడ బతికింది సార్.” భర్త వైపు చూసింది. “పట్టీ పెట్టుకోవడం తప్పే. ప్రైజు వద్దు. ఈయన ఉద్యోగం తియ్యకండి.”

నేను నివేదికను నాలుగు మడతలు పెట్టాను.

“కొండ దాకా వెళ్లి ఎక్కనివాళ్లు ఇద్దరు,” అని అబూ ఫహద్ మావైపు చూశాడు. నా బొబ్బలు నిజంగానే లేచాయి, మొహం మీద! “కొండ లేకుండానే ఎక్కినావిడ ఒకరు. టికెట్లు ఈమెవి. ఇద్దరికి. ఎవరిని తీసుకెళ్లాలో ఈమె ఇష్టం.”

రాజు మొహం వెలిగింది. “కెజియా, చూశావా, మాటిచ్చినట్టే...”

“మా వార్డు సరళని తీసుకెళ్తానండి. నాతోపాటు ఆ రోజు మెట్లెక్కింది.”

“మరి నేనో?”

“మీరు మొన్నేగా కొండెక్కొచ్చారు! అలిసిపోయుంటారు. పిల్లల్ని చూసుకోండి.” అని తన చేతి పట్టీ విప్పి, జాగ్రత్తగా ఆయన మణికట్టుకు పెట్టింది.

కొత్త నివేదిక రాయమని నాకు హుకుం. సరే, కెజియా వెళ్లాక అబహాకు ఫోన్ చేశాను.

“ఎంత దూరం నడిచినావమ్మా?”

“ఎక్కడికీ లేదన్నయ్యా. ఖలందర్ గారు పైకి తీసుకెళ్తానంటే వద్దన్నాం. పొద్దుట్నుంచీ ఇద్దరం బల్లమీద కూర్చునే ఉన్నాం. మబ్బు వస్తంది, పోతంది. అదే చూస్తన్నాం. కాళ్లు ఎలా ఉంటాయో ఇవాళే తెలిసింది!” వెనక సరళ పకపకా నవ్వు.

ఫోన్ పెట్టేసి కంప్యూటర్ చూశాను. రత్నరాజు, ఖోబర్, సముద్రమట్టానికి ఇరవై మీటర్లు. సెలవు చీటీలో ఆయన రాసిన కారణాలు: స్కూలు బస్సు, టిఫిన్ డబ్బాలు, ఉతుకు, చిన్నదాని జ్వరం, మందుల షాపు, లిఫ్టు లేని మూడో అంతస్తు. సాయంత్రం అయిదుకే ఇరవై ఒక్క వేల అడుగులు! కంపెనీ రికార్డు!

అభినందిద్దామని నేను అనుకుంటుండగానే ఆయనే ఫోన్ చేశాడు. గొంతులో ఎగశ్వాస. ఈసారి ఎవరూ వొణికించలేదు.

“భాయ్, మీకు పుణ్యముంటాది... ఈ పట్టీ ఎలా విప్పుతారండి?”

పాపం, ఆయన ఎప్పుడైనా పెట్టుకుంటే కదా!