ఇద్దరి తిండి

కోమీజా రేవులో ఆ ఉదయం యెర్కో తలపెట్టింది చిన్న పనే. తిండి సర్దుకుని, తెరచాప ఎత్తి, ఎదురుగా ఉన్న బిషెవో దీవికి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలి. భార్య పెరీనా పోయాక పడవ ఎక్కడం ఇదే మొదలు. పడవ తిండి సంగతి ఎప్పుడూ ఆవిడే చూసుకునేది. ఎక్కే ముందు ఎండు రొట్టె, ఉడికించిన గుడ్డు, అంతే. నూనె తగలకూడదు. నడి సముద్రంలో ఉప్పు చేప, గట్టి జున్ను, అత్తిపళ్లు, నీళ్లు కలిపిన వైను.

యాకిత్స కొట్లో అలవాటు కొద్దీ అన్నీ రెండేసి అడిగాడు.

"రెండోది ఎవరికి, యెర్కో?"

అలవాటని చెబితే అక్కడే ఏడుపొస్తుందని భయం వేసింది. "ఒకరొస్తున్నారులే" అనేశాడు.

"ఒకరా, ఒకావిడా?"

యెర్కో తల దించుకుని అత్తిపళ్లు గబగబా సంచిలో వేసుకున్నాడు. యాకిత్సకు అది చాలు.

అతను రేవుకు వచ్చేసరికి కబురు ముందే వచ్చి కూర్చుంది. పక్క పడవ స్టిపాన్ నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతున్నాడు.

"ఎక్కడ మామా, పిల్ల?"

"స్ప్లిట్ పట్నం నుంచి బిషెవోకి వస్తుంది. అక్కడ ఎక్కుతుంది."

"పట్నం ఆవిడకి ఉప్పు చేప పెడతావా? పరువు తీస్తావు!"

అంతే, ఇంటింటి నుంచీ గిన్నెలు దిగాయి. వేయించిన బూరెలు, కాల్చిన గొర్రె తొడ, చక్కెర పొడి చల్లిన కేకు. తెచ్చినవాళ్ల ముందు రుచి చూడకపోతే ఆ ఊళ్లో అవమానం. యెర్కో అన్నీ రుచి చూశాడు.

కొండమలుపు దాటాక తిన్నదంతా వాంతై సముద్రం పాలైంది. పెరీనా ఉంటే వీపు నిమురుతూ తిట్టేది. ఆ తిట్ల కోసం ప్రాణం కొట్టుకుంది. దీవి దాకా వెళ్లలేక, తెరచాప దించేసి, కేకు పక్కన కూర్చుని తనివితీరా ఏడ్చాడు.

సాయంత్రం వాడిన మొహంతో, ఎర్రటి కళ్లతో, ఒక్కడే ఒడ్డుకు చేరాడు. ఊరంతా అక్కడే ఉంది.

"రాలేదా?" అంది యాకిత్స.

"రాలేదు."

"దాని మొహం మండ! రా, ఈ పూట మా ఇంట్లో తిను."

"రేపు మా ఇంట్లో మామా" అన్నాడు స్టిపాన్.

పెరీనా పోయినప్పుడు వీళ్లే పూలదండలు తెచ్చారు. దుఃఖంలో ఉన్న మనిషిని కదిలించకూడదని, ఆ తర్వాత ఒక్కరూ తలుపు తట్టలేదు. ఇప్పుడు లేని మనిషి రాలేదని ఇంటింటా వంతులు వేసుకుని అన్నం పెడుతున్నారు.

యాకిత్స ఇంట్లో భోజనాల దగ్గర ఆ పట్నం ఆవిణ్ణి అందరూ దుమ్మెత్తి పోస్తుంటే, యెర్కో మరో చేప వడ్డించుకున్నాడు.

"ఆవిణ్ణేం అనకండి, పాపం. చాలా మంచిది."