ఏడుసార్లు తెరిచిన లిఫ్టు

ఆ ఉదయం కార్యక్రమం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకి కొత్త లిఫ్టు ముందు కట్టిన ఎర్ర రిబ్బను అధ్యక్షులవారు కత్తిరించాలి, ఆయన అల్లుడు ఫోటో తీయాలి, అయిదు నిమిషాల్లో ఎవరి పనికి వాళ్ళు పోవాలి. అధ్యక్షులవారంటే ఆ ఆరంతస్తుల భవనంలో ఇళ్ళవాళ్ళ సంఘానికి అధ్యక్షులు. లిఫ్టు కోసం మూడేళ్ళు మెట్లెక్కీ దిగీ సంతకాలు సేకరించి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. కత్తెర పడే ఆ క్షణం మూడడుగుల ఫోటోగా లిఫ్టు పక్క గోడ మీద ఉండాలని ఆయన కోరిక. మేకు కొట్టించి ఖాళీ ఫ్రేము తగిలించేశారు కూడా.

అల్లుడికి మాత్రం అది పరీక్ష. చిన్న మరదలి పెళ్ళి దగ్గర పడింది. "ఈ ఫోటో సరిగ్గా వస్తే పెళ్ళి ఫోటోలు మీవే అల్లుడుగారూ. లేదంటే బయటివాళ్ళని మాట్లాడతాను, ఏమీ అనుకోకండి," అని మామగారు కాఫీ తాగుతూ తేల్చేశారు. ఇంట్లోనే ఫోటోగ్రాఫరుండగా పెళ్ళికి బయటివాడొస్తే, ఇంక ఆ పెళ్ళిలో ఏ మొహం పెట్టుకుని తిరుగుతాడు?

పాపం, పని రానివాడేం కాదు. పదేళ్ళుగా గుర్తింపు కార్డులకి ఫోటోలు తీస్తున్నాడు. చిక్కల్లా, ఆ పదేళ్ళలో అతని ముందు కూర్చున్నవాళ్ళెవరూ కదల్లేదు. కదిలే మనిషికి వరసపెట్టి ఫోటోలు కొట్టాలని విన్నాడు కాబట్టి కెమెరాని అలా పెట్టాడు. అక్కడితో ఆగాడా? మెనూలో కనిపించిన ప్రతి సదుపాయాన్నీ ఆన్ చేశాడు. ఫోటో అతిపెద్ద సైజు. ప్రతి ఫోటోకీ రా అనే ముడి ఫైలొకటి, మామూలు ఫైలొకటి. పైగా మచ్చలు తుడవడం, వంకరలు దిద్దడం. మెమరీ కార్డు మాత్రం పాతదే, తాపీగా రాసుకునే రకం.

కెమెరాలో బఫర్ అని ఒక చిన్న జాగా ఉంటుంది. తీసిన ఫోటోలు కార్డులోకి వెళ్ళేదాకా అక్కడ నిలబడాలి. ఫోటో ఎంత లావైతే అందులో అంత తక్కువ పడతాయి. అల్లుడి లావుపాటి ఫోటోలు పద్నాలుగు పడతాయి. ఆ సంగతి కెమెరాకి తెలుసు, అల్లుడికి తెలియదు.

మామగారు కత్తెర ఎత్తారు. అల్లుడు బటన్ నొక్కి పట్టుకున్నాడు. మామగారు అందరినీ ఓసారి చూసి గొంతు సవరించుకున్నారు. టకటకా పద్నాలుగు ఫోటోలు పడ్డాయి, అన్నీ గొంతు సవరించుకుంటున్నవే. అప్పుడు కెమెరా బిగుసుకుంది, కత్తెర పడింది, చప్పట్లు మోగాయి. కెమెరా తేరుకుని తీసిన పదిహేనో ఫోటోలో రిబ్బను రెండు ముక్కలై నేల మీద ఉంది.

మామగారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. "ఇందులో నేను రిబ్బను కోశానా, ఎవరో కోస్తే చూసి బాధపడుతున్నానా?"

"బఫర్ నిండిపోయింది మామయ్యగారూ."

"అంటే అజీర్తి చేసిందన్నమాట," అని అత్తగారు సర్దిచెప్పింది. "కాసేపాగి మళ్ళీ కోస్తే సరి. ముడేసి కట్టండి."

ముడి వేశారు. లోపల తలుపు పట్టుకుని నిలబడ్డ లిఫ్టు మెకానిక్ బయటికి రాబోయి, రిబ్బను అడ్డొచ్చి ఆగిపోయాడు.

రెండోసారికి అల్లుడు వంకరలు దిద్దడం ఆపేశాడు. దాంతో పదహారు పట్టాయి. అయితే మామగారు ఈసారి కంగారుకొద్దీ రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. మూడోసారి, కార్డు ఇంకా పాత ఫోటోలు రాసుకుంటూనే ఉంది కాబట్టి, మూడంటే మూడే పడ్డాయి. వాటిలో రెండు అత్తగారివి.

ఇంతలో అయిదో అంతస్తావిడ కొత్త సోఫా వచ్చింది. రిబ్బను కట్టి ఉండగా లిఫ్టెక్కకూడదని మామగారు అభ్యంతరం చెప్పడంతో సోఫాని అక్కడే దింపారు. నిలబడి కాళ్ళు పీకుతున్న జనం ఆవిణ్ణి అడక్కుండానే దానిలో కూర్చున్నారు.

"మామయ్యగారూ, ఈసారి నేను చెప్పేదాకా కొయ్యకండి," అన్నాడు అల్లుడు. "ఈ ఎర్ర దీపం ఆరితే బఫర్ ఖాళీ అయినట్టు."

మామగారు కత్తెర తెరిచి నిలబడ్డారు. దీపం మిణుకుమంటూనే ఉంది. అర నిమిషానికి ఆయన చెయ్యి వణికింది. ముప్పావు నిమిషానికి మూతి కూడా వంకర పోయింది. రెండో అంతస్తు డాక్టరు సోఫాలోంచి ఒక్క దూకు దూకి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే దీపం ఆరింది, "కొయ్యండి!" అని అల్లుడు అరిచాడు. ఫోటోలు అద్భుతంగా వచ్చాయి. వాటిలో ఒక అధ్యక్షుడు లిఫ్టుని ధ్వంసం చేయబోతుంటే ఒక డాక్టరు ప్రాణాలకి తెగించి ఆపుతున్నాడు.

అధ్యక్షులవారికి పక్షవాతం వచ్చిందన్న కబురు లిఫ్టు అవసరం లేకుండానే ఆరో అంతస్తుకెక్కింది. భవనమంతా మెట్ల మీదుగా కిందికి దిగింది. దిగినవాళ్ళు, ఆయన నిక్షేపంగా రిబ్బను కోస్తుంటే చూసి, ఆ సంతోషంలో అయిదోసారి చెవులు చిల్లులు పడేలా చప్పట్లు కొట్టారు. ఆ అదురుకి అల్లుడి చేతిలో కెమెరా పైకప్పుని ఫోటో తీసింది. ఆరోసారికి రిబ్బను అయిపోయి, సోఫాకి చుట్టిన ప్లాస్టిక్ టేపు కట్టారు. అది కత్తెరకి అతుక్కుని తెగనే లేదు. చివరికి మరదలు తన జడ రిబ్బను విప్పిచ్చింది.

"బావా, నా జుట్టు మీద ఒట్టు. ఇదే ఆఖరు," అంది.

"సార్, నేను బాత్రూముకెళ్ళాలి," అన్నాడు లిఫ్టులోంచి మెకానిక్.

అల్లుడికి కళ్ళంట నీళ్ళొచ్చినంత పనైంది. మెనూ తెరిచి, ఆన్ చేసినవన్నీ ఆపేసి, ఫోటో సైజుని అడుగుకంటా దించేశాడు. కెమెరా తెరపై, బఫర్లో ఇంకా పట్టే ఫోటోల అంకె తొంభై తొమ్మిదికెక్కి నిలబడింది. మామగారు కత్తెర ఎత్తారు, గొంతు సవరించుకున్నారు, మూడేళ్ళ సంతకాల కథ మొదలుపెట్టి ముగించారు, కోశారు. కెమెరా ఎక్కడా ఆగలేదు. కోత మొదలు, కోత సగం, కోత చివర, అన్నీ పడ్డాయి.

పడ్డాయి గానీ, ఒక్కొక్కటీ తపాలా బిళ్ళంత. మూడడుగులకి పెంచి చూస్తే మామగారి మొహం స్నానాలగది గోడలా పలకలు పలకలుగా ఉంది. అల్లుడు కెమెరాని సంచిలో పెట్టేసి తల దించుకున్నాడు. "పెళ్ళికి బయటివాళ్ళనే మాట్లాడండి మామయ్యగారూ. నాకు చేతకాలేదు."

"ఏం మాటలవి?" అన్నారు మామగారు. ఆయన మొహం వెలిగిపోతోంది. మూడేళ్ళు ఆయన్ని చూసి తలుపులేసుకున్న భవనం ఇవాళ ఆయన చుట్టూ నిలబడి చప్పట్ల మీద చప్పట్లు కొట్టింది. "ఎవరో బయటివాడైతే ఒక్కసారి కోయించి పంపేసేవాడు. నాకు పట్టిన భాగ్యం నా కూతురికీ పట్టాలి. పెళ్ళి ఫోటోలు మీరే తీయాలి అల్లుడుగారూ."

మరదలు విడిపోయిన జడతో అక్కడికక్కడే కాబోయే భర్తకి ఫోన్ చేసి, పెళ్ళి రిజిస్టరాఫీసులో చేసుకుందామనీ, సంతకం మాత్రం ఒక్కసారే పెడతాననీ చెప్పేసింది.