హిల్డా దొరసాని చెరకుబండిని జయించిన వైనం

ఆలకింపుడు, రసికులారా! పంటకాలువలు పరవళ్ళు తొక్కు తీరాంధ్రసీమలో, క్రీస్తుశకం వెయ్యిన్నీ తొమ్మిదివందల ఎనభై ఎనిమిదో యేట, జనవరి మాసంలో, మంచుతెరలు చీల్చుకొని మార్తాండుడు ఆలస్యంగా వెలికివచ్చు శుభముహూర్తాన, ఉదయం పది గంటలకు, రేపల్లె నుండి తెనాలికి ఒక జీపు బయలుదేరెను. దాని సారథి జర్మనీ దేశపు లూథరన్ నర్సు, సకలట్రాఫిక్‌సూత్రపారంగత, హిల్డా దొరసాని. మన గడ్డపై కాలుమోపి పదకొండు దినాలు. తెలుగు మాత్రం స్వదేశంలోనే బైబిలు వల్లెవేసి నేర్చినది. పక్కన రాహేలు. మధ్యాహ్నం పన్నెండులోగా తెనాలి బడిలో టీచరుగా చేరకుంటే ఆమె ఉద్యోగం ఇంకొకరి పాలు. నమ్ముకున్న బస్సా, రానేలేదు.

స్వదేశపు కారులో గేరు కుడిచేతికి అందును గనుక, దొరసాని అలవాటుకొద్దీ ఆ చేతితోనే గేరు మార్చబోయినప్పుడల్లా కుడిపక్క తలుపు తెరుచుకొనెను. రాహేలు స్తోత్రాలు చెప్పుకొనెను.

జంపని దాపున, చక్కెర ఫ్యాక్టరీకి పోవు చెరకుబండి ఒకటి, పర్వతాకారంతో నడిరోడ్డునాక్రమించి, నత్తకే విసుగు పుట్టించు వేగంతో ఎదుట సాగుచుండెను.

"దొరసానమ్మగారూ, హారన్ కొట్టండి!"

"రాహేలూ! నిష్కారణముగా హారన్ మ్రోగించుట మా దేశమందు నేరము. అతడు అద్దమందు నన్ను చూచి తానే తొలగును."

"ఎద్దులబండికి అద్దాలుండవండీ!"

ముప్పావుగంట గడిచెను. వెనుక ఒక లారీ ప్రళయశంఖమువలె ఘోషించెను. బండి పక్కకు తొలగలేదు. రాహేలు కళ్ళలో నీళ్ళు తిరుగుట చూచి, దొరసాని జీపు దిగి, పరుగున పోయి, బండి తోలుచున్న రామకోటి ఎదుట నిలిచి గర్జించెను: "ఓ శకటచోదకుడా! నీ వృషభములను ఎడమకు మరల్చుము!"

రామకోటి చుట్ట తీసి నెమ్మదిగా అన్నాడు: "లారీవోడు హారన్ కొట్టింది మీకు గదమ్మా, నాకు కాదుగా. మీరు కొట్టండి, తప్పుకుంటా."

దొరసాని జీపెక్కెను. ఇరవైయేళ్ళ నిష్కళంక చోదకచరిత్ర కళ్ళముందు తిరిగెను. మాతృదేశానికి మనసులోనే క్షమాపణ చెప్పుకొని, కళ్ళు మూసుకొని, వజ్రాయుధము విసరు ఇంద్రునివలె చేయెత్తి, హారన్ మీద మోపెను.

కీక్!

ఎద్దులు మర్యాదగా పక్కకు జరిగెను.

పన్నెండుకు ఎనిమిది నిమిషాలుండగా రాహేలు బడి రిజిస్టరులో సంతకం పెట్టెను. "ఇంకా టైముందిగదమ్మా, ఏంటా పరుగు?" అన్నారు హెడ్మాస్టరు బసవేశ్వరరావుగారు.

ఇట్లు హిల్డా దొరసాని, ఘోరసంగ్రామానంతరం, ఒకే ఒక్క ఎద్దుబండిని, అదీ బండివాడి అనుమతి పుచ్చుకొని, దిగ్విజయముగా దాటెను!